కథ టీవీలోకి వచ్చినప్పుడు ఏం మారిందో పట్టుకునుడు ఎట్ల?

పానగల్లు గట్టు

నమస్తే అందరికి. నల్లగొండల ఎం.ఏ. తెలుగు ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు 40 పేజీలు, చేతిల మూడు నెలలున్నయి. కథలు, నవలలు టీవీ సీరియల్‌గ మారినప్పుడు ఆ మార్పును విశ్లేషించాలె. మూడు అధ్యాయాలు అనుకున్న. ఒకటి ఆర్.కె. నారాయణ్ కథలు, ‘మాల్గుడి డేస్’. రెండోది దేశ విభజన అల్లర్ల మీద భీష్మ సాహ్ని రాసిన నవల ‘తమస్’. మూడోది పాలమూరు రచయిత్రి పాకాల యశోదారెడ్డి కథ ఒకటి తీసుకొని, దాన్ని 22 నిమిషాల ఎపిసోడ్ చెయ్యాలంటె ఏడ చిక్కు పడ్తదో రాయాలె.

మొదటి అధ్యాయం చూసి మా గైడ్ సార్ అన్నది ఒక్కటే మాట: ఇది కథ సారాంశం, దాని పక్కన సీరియల్ సారాంశం, విశ్లేషణ లేదు అని. నిజమే. ‘ఇది పుస్తకంల ఉన్నది, తెర మీద లేదు’ అని పేజీలకు పేజీలు రాసిన. లేకపోతె ఏమైతది, ఎందుకు తీసేసిండ్రు అన్న కాడికి వస్తలేను.

నా ప్రశ్నలు ఇవి. పట్టిక ఏసుడు ఎట్ల, ఏమేం గడులు ఉండాలె? కథకుడు చెప్పే మాటలు (డైలాగు కానివి) తెర మీద ఏమైతయో ఎట్ల గుర్తుపట్టాలె? మన యాస సంగతి ఏం రాయాలె? యశోదారెడ్డి కథను పది నిమిషాల వీడియో తీసి ప్రాజెక్టుకు జతచేస్తే హక్కుల లొల్లి వస్తదా?

పిల్లలమర్రి నీడ

తమ్ముడూ, సారాంశం అంటే ‘ఏం జరిగింది’ అన్నదానికి జవాబు. ఏం జరిగిందన్నది పుస్తకంలోనూ తెర మీదా చాలావరకు ఒకటే ఉంటుంది. అందుకే రెండు సారాంశాలను పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. తేడా వచ్చేది ఆ సంగతి మనకు ఎవరి ద్వారా తెలిసింది, ఎప్పుడు తెలిసింది, ఎంతసేపట్లో తెలిసింది అన్నచోట. పట్టికలో ప్రతి వరుసా ఈ మూడింటికీ జవాబివ్వాలి.

పట్టిక కంటే ముందు నీ చేతిలో ఉన్న ప్రతి ఏదో ఖాయం చేసుకో. పుస్తకమైతే ఏ ముద్రణ, ఏ అనువాదం. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన తెలుగు నవలలైతే పత్రిక పాఠానికీ పుస్తక పాఠానికీ తేడాలుండొచ్చు, అదీ చూడాలి. వీడియో అయితే ఏ భాషది, మొత్తం నిడివి ఎంత. శంకర్‌నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ మొదటి భాగాలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ తయారయ్యాయి, నువ్వు చూస్తున్నది ఏదో మొదటి పేజీలోనే రాయి. ఇంటర్నెట్‌లో దొరికే కాపీల్లో టైటిల్స్ కోసేసినవి ఉంటాయి. ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు, ఎల్. వైద్యనాథన్ సంగీతం ఆ టైటిల్స్‌లోనే ఉన్నాయి. ప్రేక్షకుడు మాల్గుడిలో అడుగుపెట్టే గుమ్మం అది. కోసేసిన కాపీ చూసి ‘ఊరి పరిచయం లేదు’ అని రాస్తే తప్పు సీరియల్‌ది కాదు, కాపీది.

తర్వాత పేజీ–నిమిషం లెక్క వెయ్యి. చిన్న లెక్కే, కానీ సగం ‘ఎందుకు’లకు జవాబు దీంట్లోనే ఉంటుంది. విక్రమ్ సేఠ్ ‘ఎ సూటబుల్ బాయ్’ తొలి ముద్రణ 1349 పేజీలు. 2020లో బీబీసీకి మీరా నాయర్ తీసింది 6 భాగాలు. మొత్తం 6 గంటలు అనుకున్నా నిమిషానికి దాదాపు 3.75 పేజీలు. అక్కడ పని కుదించడం: పాత్రలను కలపడం, ఉపకథలు తీసెయ్యడం, రెండు సీన్ల సమాచారాన్ని ఒక సీనులో పెట్టడం. 8 పేజీల చిన్న కథను 22 నిమిషాలకు తీస్తే ఒక్కో పేజీకి 2.75 నిమిషాలు. ఇక్కడ పని పెంచడం: కొత్త సీన్లు, కొత్త మనుషులు, నడకలు, మౌనాలు. నీ మొదటి అధ్యాయం పెంచినదాని గురించి, రెండోది కుదించినదాని గురించి. రెంటికీ ఒకే కొలత పెడితే పప్పులో కాలేసినట్టే. పెంచినచోట ‘ఏం తీసేశారు’ అని వెతికితే ఏమీ దొరకదు. ‘ఏం కలిపారు, ఆ కలిపింది ఎటు లాగింది’ అని వెతకాలి.

ఇక పట్టిక. కథను ముందు ముక్కలు చెయ్యి. చోటు మారినా, కాలం మారినా, కథకుడి దృష్టి ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి మారినా కొత్త ముక్క. 8 పేజీల కథలో మామూలుగా 10 నుంచి 20 ముక్కలు తేలతాయి. 5 కంటే తక్కువ వస్తే నువ్వు మళ్లీ సారాంశమే రాస్తున్నావన్నమాట. గడులు ఇవి:

వరుస సంఖ్య | పేజీ | చోటు, పొద్దు | ఎవరున్నారు | ఏం జరిగింది (ఒక్క వాక్యం) | ఎలా తెలిసింది (డైలాగు, కథకుడి మాట, మనసులో మాట, వినికిడి) | ఈ సమయానికి ఎవరికి ఏం తెలుసు | తెర మీద ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్ల దగ్గర, ఎంతసేపు | ఏమైంది

చివరి గడికి ఆరు గుర్తులు చాలు: ఉంచారు, తీసేశారు, చోటు మార్చారు, కలిపారు, కొత్తది, ఇంకొకరికి ఇచ్చారు. ‘ఇంకొకరికి ఇచ్చారు’ అన్నదాన్ని చాలామంది మరిచిపోతారు. పుస్తకంలో కథకుడు అన్న మాటను తెర మీద పక్కింటావిడ అంటే, ఆ మాట ఊరి అభిప్రాయంగా మారిపోతుంది. మాట ఉంది కదా అని ‘ఉంచారు’ అని రాయకు.

వీడియోను నాలుగుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా. రెండోసారి సౌండ్ తీసేసి. అప్పుడు బొమ్మ ఒక్కటే ఎంత చెబుతోందో తెలుస్తుంది. సౌండ్ లేకుండా ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థమైతే ఆ దర్శకుడు మాటల మీద ఆధారపడలేదని రాయొచ్చు. మూడోసారి కళ్లు మూసుకొని విను. వాయిస్ ఓవర్ (తెర వెనుక గొంతు) ఎక్కడుంది, సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, బయటి చప్పుళ్లు ఏమిటి. నాలుగోసారి ఆపి ఆపి పట్టిక నింపు. 22 నిమిషాల ఎపిసోడ్‌కు ఈ నాలుగో చూపే దాదాపు 4 గంటలు తీసుకుంటుంది. గంటలో అయిపోతే ఏదో వదిలేశావు.

సిద్ధాంతం కోసం, నవలలు సినిమాలుగా మారడం మీద రాసిన బ్రయన్ మెక్‌ఫార్లేన్ 1996లో చేసిన విభజన నీకు సరిపోతుంది. కథలో కొన్ని యథాతథంగా తెర మీదికి వెళతాయి (ఘటనలు, వాటి వరుస). కొన్ని మాటల్లోనే పుట్టినవి కాబట్టి కొత్త ఉపాయం లేకుండా వెళ్లవు (కథకుడి స్వరం, వెటకారం, మనసులో నడిచేది). మొదటి రకానికి రెండు పేజీలు చాలు. నీ అధ్యాయం అంతా రెండో రకం మీద నడవాలి.

చేసి చూడటానికి నారాయణ్ కథ ‘ఏన్ ఆస్ట్రాలజర్స్ డే’ తీసుకో. జ్యోతిష్కుడు ఊళ్లో ఎవరికీ చెప్పకుండా పారిపోయి వచ్చాడని కథకుడు ముందే అంటాడు, ఎందుకో మాత్రం చెప్పడు. సాయంత్రం మసక వెలుతురులో ఒకడు వచ్చి పందెం కాస్తాడు. వాడు చుట్ట వెలిగించుకుంటుంటే అగ్గిపుల్ల వెలుగులో జ్యోతిష్కుడికి ఆ ముఖం కనిపిస్తుంది. ఒకప్పుడు తాను కత్తితో పొడిచి బావిలో తోసిన మనిషి. ఆ సంగతి పాఠకుడికి తెలిసేది చివర్లో, భార్యతో మాట్లాడేటప్పుడు. పేజీ మీద రచయిత ‘ముఖం కనిపించింది’ అని ఊరుకోగలడు. కెమెరాకు ఆ వీలు లేదు. అగ్గిపుల్ల వెలిగిన క్షణాన అది ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. జ్యోతిష్కుడి ముఖం మీద ఉంచితే నటుడు ఉలిక్కిపడగానే రహస్యం సగం పోతుంది. వచ్చినవాడి ముఖం మీద ఉంచితే మనకు అతను కొత్త మనిషే, రహస్యం దాగుతుంది, కానీ జ్యోతిష్కుడి భయం మనకు అందదు. దూరం నుంచి ఇద్దరినీ చూపిస్తే మంట ఒక్కటే గుర్తుంటుంది. ఈ మూడింట్లో దేన్ని ఎంచుకున్నా కథ ముగింపు బరువు మారుతుంది. విశ్లేషణ అంటే ఆ క్షణం దగ్గర ఆగి ఇది రాయడం. ఇలాంటి క్షణాలు కథకు మూడు పట్టుకుంటే నీ అధ్యాయం నిండుతుంది.

‘ఎందుకు’ రాసేటప్పుడు అన్నీ దర్శకుడి నెత్తిన పెట్టకు. వారానికి ఒకసారి వచ్చే 13 భాగాల వరస వేరు, రోజూ వచ్చే డైలీ సీరియల్ వేరు. డైలీలో ప్రతి బ్రేకు ముందూ, ప్రతి ఎపిసోడ్ చివరా ఒక ప్రశ్న వేలాడాలి, కాబట్టి కథలో లేని అనుమానాలు పుట్టుకొస్తాయి. నిన్నటి భాగం చూడనివాళ్ల కోసం అదే సమాచారం మళ్లీ డైలాగులో వస్తుంది. అది రచనలో లోపమా, ఆ స్లాటు షరతా అని వేరుచేసి చెప్పాలి.

డిండి వాగు

తమ్మీ, పైన అన్న చెప్పిన పట్టిక పక్కాగున్నది. నేను ఒక్కటే సంగతి కలుపుత, గది నీ రెండో ప్రశ్నకు. ‘నేరేటర్’, ‘దృష్టికోణం’ అని పెద్ద మాటలు వెట్టుకోకు. క్రియలు చూడు. మన తెలుగుల రెండు రకాల క్రియలు తెరకు లొంగయి. కథల అవి ఏడ ఉన్నయో ఎర్ర పెన్నుతోటి గీతలు గియ్యి. మలిచెటోళ్లు ఏడ తిప్పలు పడ్డరో నీకే కండ్లకు కనిపిస్తది.

ఒకటి, అలవాటు చెప్పే క్రియ. పుస్తకాల భాషల ‘వెళ్లేవాడు, కూర్చునేది’, మన దిక్కు ‘పోతుండె, కూసుంటుండె’. రెండోది ‘అట’. ‘వచ్చిండట, పెట్టిండట’.

మాట వరసకు నాలుగు వాక్యాలు నేనే కడుత:

సాయమ్మ దినాం పొద్దూకంగ బస్సు కాడికి పోతుండె. ఆఖరి బస్సు పోయినంక గుడి అరుగు మీద కూసుంటుండె. కొడుకు బొంబాయిల ఇంకో సంసారం వెట్టిండట. ఊరందరికి ఎరుకేనట, సాయమ్మకే ఎరుక లేదట.

చదవనీకె పది పదిహేను సెకన్లు. ఇగ తెర మీద వెట్టు. కెమెరా ‘పోతుండె’ అని చూపలేదు. అది చూపేది ఎప్పుడు చూపినా ‘ఇయ్యాల పోయింది’ అనే. ఒక్క షాట్ తీసి, ముసలామె, బస్సు, వెనుక ఏడుపు సంగీతం వెడితె, చూసెటోళ్లు ‘పాపం, కొడుకు రాలేదు’ అనుకుంటరు. ఏండ్ల సంది పోతున్నదన్న ముచ్చట ఎగిరిపాయె. కథల బరువంత గా ఏండ్లలనే ఉన్నది.

దీనికి ఉపాయాలు మూడే కనిపిస్తయి. ఒకటి, మూడు నాలుగు చిన్న షాట్లు, ఒక్కోటి 6–8 సెకన్లు: ఎండల ఒకసారి, వానల ఒకసారి, చలికి గొంగడి కప్పుకొని ఒకసారి. దాదాపు 25 సెకన్లు పడ్తది, కాని మూడు కాలాల షూటింగో, వాన పైపుల ఖర్చో మీద పడ్తది. రెండు, కండక్టర్‌తోటి ఒక్క మాట: ‘ఇయ్యాల సుత వచ్చినవా అవ్వా?’ గా ‘సుత’ (కూడ) అన్న ఒక్క ముక్క ఏండ్లన్ని మోస్తది. ఖర్చు లేదు, పది సెకన్లు. మూడు, వాయిస్ ఓవర్. నాకడిగితే రెండోదే మేలు. మొదటిది చూసినంక అందంగ కనిపిస్తది గాని ముసలామె ఒంటరితనాన్ని బొమ్మల పుస్తకం చేస్తది. కండక్టర్ మాటల ఊరు ఉన్నది. అయితె నువ్వు విశ్లేషణ చేస్తున్నవు గనుక ఏది మేలన్నది కాదు, ఏది ఎంచుకుండ్రు, దాంతోటి ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది రాయాలె.

‘అట’ ఇంకా కష్టం. రాసినామె కొడుకు సంసారం వెట్టిండని చెప్పలే. ఊరు అంటున్నదని చెప్పింది. బొంబాయిల కొడుకును, పక్కన ఇంకో ఆడామెను ఒక్క షాట్ చూపిస్తివా, పుకారు రుజువైపాయె. బొమ్మకు ‘అట’ లేదు. కనిపించింది అంటే అయినట్టే. గది కాపాడాలంటె ఘటన చూపొద్దు, మాట్లాడుడు చూపాలె. నల్ల కాడ ఇద్దరు ఆడోళ్లు మాట్లాడుతుంటరు, సాయమ్మ బిందె వట్టుకొని వచ్చేసరికి నోరు మూస్తరు. ఏం మాట్లాడిండ్రో మనకు సగమే వినవడాలె.

ఇది లెక్కకు కూడ వస్తది. కథల ‘అట’లు, ‘అంటుండిరి’లు, ‘అని చెప్పుకునేటోళ్లు’ ఎన్ని, అండ్ల ఎన్ని తెర మీద నేరుగ సీన్లు అయినయి, ఎన్ని ఎవరి నోటనో వచ్చినయి, ఎన్ని లేకుంట పోయినయి. నాలుగు అంకెల చిన్న పట్టిక. మీ సార్‌కు గది చూపియ్యి.

ఇంగ్లీషు కథల అలవాటు ‘యూజ్డ్ టు’, ‘వుడ్’ అని వస్తది, హిందీల ‘కర్తా థా’, వినికిడికి ‘సునా హై’. ‘తమస్’కు ఈ లెక్క మస్తు ఉపయోగపడ్తది, ఎందుకంటె గా నవలల ఊరిని కాల్చేది పుకారే. మురాద్ అలీ ఐదు రూపాయల నోటు ఇచ్చి నత్థూతోటి పందిని చంపిస్తడు. నత్థూకు అది అసలు ఎందుకో తెల్వదు. తర్వాత గా పంది మసీదు మెట్ల మీద తేలుతది, లొల్లి గక్కడ మొదలైతది. నవల మొదలే నత్థూ పందిని చంపే కొట్టంల ఉన్నది, గోవింద్ నిహలానీ తీసిన సీరియల్ కూడ గా పంది ముచ్చటతోటే మొదలు. అంటే పాఠకునికి, ప్రేక్షకునికి ఊరికంటె ముందే నిజం ఎరుక. ఆడికెల్లి ఊళ్లె ఎవరు ఏం విన్నరు, ఎవరు ఏం చూసిండ్రు అన్నది రెండు రంగుల పెన్నులతోటి గుర్తుపెట్టు. విన్నదాన్ని తెర ఏడ ‘చూసినది’ చేసిందో గక్కడ నీ రెండో అధ్యాయం ఉన్నది.

ఇంకొకటి. కథకుడే లేనిచోట తెర కోసం ఒకరిని పుట్టిస్తరు. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ 94 భాగాలు. వ్యాసభారతంల జనమేజయునికి చెప్పేది వైశంపాయనుడు. సీరియల్ల రాహీ మాసూమ్ రజా రాసిన స్క్రిప్టుల చెప్పేది ‘సమయ్’, అంటే కాలమే. వైశంపాయనుడు ఒక రాజు ముంగట కూసొని ఆ రాజు వంశం ముచ్చట చెప్తడు. కాలానికి వినెటోడు ఎవడు? టీవీ ముంగట కూసున్న మనమే. చెప్పెటోడు మారితె వినెటోడు కూడ మారుతడు. నీ మూడో అధ్యాయానికి ఇది చానా అవసరం. యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ల చెప్పే గొంతే ఊరి గొంతు. డైలాగుల ఊరి భాష, నడుమ కథనం పట్నం భాష, గట్ల ఉండది. గా గొంతు తీసేసి డైలాగులు ఒక్కటే ఉంచితె తోలు ఉంటది, పండు ఉండది.

పానగల్లు గట్టు

అన్నా, అక్కా, రెండు సార్లు చదివిన. ‘అట’ ముచ్చట వట్టుకొని నిన్న రాత్రి ఒక కథకు గీతలు గీస్తె 8 పేజీలల్ల 19 తేలినయి! ఇన్ని ఉంటయని అనుకోలె.

జ్యోతిష్కుని కథకు ఒక వరుస నింపిన, తప్పు చెప్పుండ్రి:

7 | కొత్త మనిషి చుట్ట వెలిగిస్తడు | టౌన్‌హాల్ పార్కు దారి, రాత్రి | ఇద్దరు | జ్యోతిష్కుడు అతన్ని గుర్తుపడ్తడు | కథకుడి మాట | జ్యోతిష్కునికి అంత తెలుసు

పిల్లలమర్రి నీడ

ఐదో గడిలో తప్పుంది. ఆ చోట ‘గుర్తుపడతాడు’ అని కథలో లేదు. ‘ముఖం కనిపించింది, అతనికి ఇబ్బందిగా అనిపించింది, తప్పించుకోవాలని చూశాడు’ అన్నంతవరకే ఉంది. గుర్తుపట్టాడని మనకు తెలిసేది చివరికి. నువ్వు కథ మొత్తం చదివినవాడివి కాబట్టి ముగింపును వెనక్కి తెచ్చి ఇక్కడ పెట్టావు. పట్టిక నింపేటప్పుడు అందరూ ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ప్రతి వరుసలోనూ ఆ పేజీ వరకే చదివినవాడికి ఏం తెలుసో అంతే రాయాలి. లేకపోతే రహస్యాన్ని తెర ముందే బయటపెట్టినా నీ పట్టిక దాన్ని పట్టుకోదు, రెండు వైపులా ‘తెలుసు’ అనే ఉంటుంది.

‘ఎవరికి ఏం తెలుసు’ గడిని మూడు చిన్న గడులుగా చీల్చు: జ్యోతిష్కుడికి, వచ్చినవాడికి, పాఠకుడికి. ఈ వరుసలో మొదటిది ‘అంతా’, రెండోది ‘ఏమీ లేదు’, మూడోది ‘ఏదో ఉంది’. తెర వైపు కూడా అవే మూడు. పాఠకుడి గడిలో ‘ఏదో ఉంది’, ప్రేక్షకుడి గడిలో ‘అంతా’ అని వచ్చిందంటే, ఆశ్చర్యం మీద నడిచే కథను ఉత్కంఠ మీద నడిచేలా మార్చారన్నమాట. దాన్ని పాడుచేశారు అని కూడా అనలేం. ‘వచ్చినవాడు పోల్చుకుంటాడా’ అన్న భయం కొత్తగా పుడుతుంది, 22 నిమిషాలు కూర్చోబెట్టడానికి అది బాగా పనికొస్తుంది.

గద్వాల కోట

మూడో ప్రశ్న ఎవరూ అందుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ‘తెలంగాణ యాసలో ఉంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేయకు. తెర మీది భాషను నాలుగు పొరలుగా విడదీసి రాయాలి.

మొదటిది క్రియ చివర. ‘వస్తున్నాడు’నా, ‘వస్తుండు’నా, ‘వచ్చిండ్రు’నా. నటులు మాటలు నేర్చుకొని క్రియ దగ్గర జారిపోవడం ఎక్కువ. ఒకే పాత్ర ఒక సీనులో ‘పోయిండు’ అని, తర్వాతి సీనులో ‘వెళ్లాడు’ అంటే అది పాత్ర లక్షణం కాదు, పర్యవేక్షణ లోపం. అయితే అధికారి ముందు భాష మార్చడం నిజంగా ఉండేదే, ఆ రెంటినీ వేరుచేయాలి.

రెండోది ప్రాంతం. తెలంగాణ యాస ఒకటే లేదు. నల్లగొండకు గుంటూరు, కృష్ణా గాలి తగులుతుంది. పాలమూరులో మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడం వినిపిస్తుంది, అలంపూరు, గద్వాల దిక్కు కర్నూలు మాట కలుస్తుంది. బిజినేపల్లిలో పుట్టిన యశోదారెడ్డి రాసిన భాషను హైదరాబాదు సినిమా యాసలో పలికిస్తే, మాండలికం ఉంచినట్టు కనిపిస్తూనే ఊరు మారిపోతుంది.

మూడోది ఉర్దూ మాటలు. నిజాం కాలం కథల్లో కచేరి, గిర్దావర్, పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్, జామీను, దస్తూరీ లాంటివి అధికారం నడిచిన తీరును చెబుతాయి. వాటిని ‘కరణం’, ‘మునసబు’ అని మారిస్తే అర్థం తెలుస్తుంది కానీ కథ మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోతుంది. నాలుగోది, అక్క చెప్పిందే: యాస ఎవరి నోట ఉంది. నవ్వించే పాత్రకూ పనివాళ్లకూ యాస, నాయకుడికీ వాయిస్ ఓవర్‌కూ ‘శుద్ధ’ భాష అయితే, ప్రతి పాత్ర పేరు పక్కన భాష రాసి చూపించు. పట్టికే మాట్లాడుతుంది.

కాలం వివరాల మీద కూడా ఒక పేజీ పెట్టుకో. 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందు ఇక్కడ నడిచింది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు, 6 కల్దార్‌లకు 7 హాలీలు. రెవెన్యూ కాగితాల మీద ఫసలీ (పంటల లెక్కన నడిచే) సంవత్సరం ఉంటుంది. కథలో ‘వంద రూపాయల అప్పు’ అని ఉండి తెర మీద జార్జి రాజు బొమ్మ ఉన్న నోటు కనిపిస్తే, అది ఆర్ట్ డైరెక్షన్ పొరపాటు ఒక్కటే కాదు, కథ ఏ రాజ్యంలో జరుగుతోందో చెప్పే ఆధారం పోయింది. అలాగే గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. జమీందారు బంగళా మెట్ల మీద దొరను నిలబెడితే వెట్టి ఎక్కడ జరుగుతుందో కనిపించదు. గడికి ఎత్తు గోడ, పెద్ద దర్వాజ, లోపల వాకిలి ఉంటాయి. లోపలికి ఎవరు ఎంతదాకా రావచ్చన్నది ఆ కట్టడమే చెబుతుంది. రచయిత పేజీల్లో చెప్పిన అంతస్తు తేడాను గడపకు ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్న ఒక్క షాట్ చూపగలదు. తెర పుస్తకాన్ని దాటిపోయే చోట్లు ఇలాంటివే, వాటినీ మనస్ఫూర్తిగా రాయి.

దేవరకొండ గుట్ట

హక్కుల సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, చనిపోయిన తర్వాతి జనవరి నుంచి ఇంకో 60 ఏళ్లు. యశోదారెడ్డి గారు 2007లో పోయారు, కాబట్టి 2067 చివరిదాకా హక్కులు వారసులవి. మీ జిల్లావాడే అయిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2022 జనవరి నుంచి అందరివీ. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి మాత్రం ఆ 60 ఏళ్లు అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి లెక్క, ‘పోయి 60 దాటింది కదా’ అని అన్నీ ఒకే గాటన కట్టొద్దు.

విమర్శ కోసం, పరిశోధన కోసం కథలోంచి భాగాలు ఉటంకించడానికి 52వ సెక్షన్ వీలిస్తుంది. నీ 40 పేజీలకు ఏ అనుమతీ అక్కర్లేదు. తరగతిలో సాటి విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించడం దాకా కూడా ఆ సెక్షన్‌లో చోటుంది. వీడియో తీసి యూట్యూబులో పెడితే అది వేరు, దానికి వారసుల రాతపూర్వక అనుమతి కావాలి. నోటిమాట చెల్లదు. కాగితంలో రచన పేరు, ఏ హక్కు (చిత్రీకరణ, ప్రసారం, ఇంటర్నెట్ వేరువేరుగా), ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ము అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. హక్కు తీసుకొని ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేకుంటే, అది తిరిగి వాళ్లదే అవుతుంది. అనువాదం మీద ఆధారపడి తీస్తే మూల రచయితవీ, అనువాదకుడివీ రెండు హక్కులూ కావాలి.

వీడియో బదులు 10 పేజీల స్క్రిప్టు, రెండు సీన్లకు షాట్ల పట్టిక జతచేయి. విశ్లేషణకు అదే ఎక్కువ పనికొస్తుంది.

పానగల్లు గట్టు

స్క్రిప్టే రాస్త సార్. ఒక్కటే మిగిలింది. ‘తమస్’ దాదాపు 5 గంటలు. 22 నిమిషాలకు 4 గంటలైతె దీనికి 50 గంటలు దాటుతది. మొత్తం పట్టిక ఎయ్యాల్నా?

పిల్లలమర్రి నీడ

వద్దు. మొత్తానికి మలుపుల జాబితా ఒక్కటి వెయ్యి: ఏది జరగకపోతే తర్వాతిది జరగదో అవే, 25 లోపు. దానికి రెండు రోజులు చాలు. నాలుగు చూపుల పద్ధతి మూడు చోట్లే: నత్థూ కొట్టం సీను, హర్నామ్ సింగ్ దంపతులు ఊరు విడిచి తలదాచుకోవడానికి వెళ్లే భాగం, ముగింపు. హర్నామ్ సింగ్ పాత్ర వేసింది భీష్మ సాహ్నీనే. రచయిత తన పాత్రను తానే పలికిన ఆ సీన్లలో, నవలలో కథకుడు చెప్పిన ఏ మాటలు మౌనంగా మారాయో గీతలు గీసుకుంటూ చూడు. మూడు చోట్లూ కలిపి గంట దాటకుండా చూసుకుంటే 10, 12 గంటల్లో పట్టిక అవుతుంది.